40 మంది పిల్లలకి ఇంట్లోనే ఈస్టర్ చాక్లెట్ గుడ్లు: ఈ ఎండల్లో కుదురుతుందా?

గుంటూరు టీచర్:
అందరికీ నమస్తే. మా చర్చిలో సండే స్కూల్ పిల్లలకి పాఠం చెప్తాను, క్లాసులో 40 మంది. ఇన్నేళ్ళూ ఉడికించిన కోడిగుడ్లకి రంగులేసి పంచాం, ఈసారి చాక్లెట్ గుడ్లు కావాలని పిల్లలు నోరు తెరిచి అడిగారు. షాపులో కొందామంటే నా దగ్గరున్న 1000 రూపాయలకి పదిమందికి కూడా రావు. ఎక్కువమంది కూలి పనికి వెళ్ళేవాళ్ళ పిల్లలు, అందుకే పెద్దదీ చిన్నదీ అని తేడా లేకుండా అందరికీ ఒకేలాంటిది ఇవ్వాలి, విరిగిన గుడ్డు ఏ ఒక్కరి చేతికీ వెళ్ళకూడదు.

మొన్న మామూలు చాక్లెట్ బార్లు కొని, వేడినీళ్ళ గిన్నె మీద కరిగించి మౌల్డ్‌లో పోశాను. సగం అంటుకుపోయాయి, వచ్చినవాటి మీద తెల్లటి చారలు, పట్టుకుంటే వేళ్ళకి అంటేస్తోంది. రెండో గిన్నెలోదైతే ఇసకలా గడ్డకట్టింది. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

బెజవాడ హోమ్ బేకర్:
టీచర్ గారూ, గడ్డకట్టడానికి కారణం నీళ్ళు. కింద గిన్నెలోంచి ఆవిరి తగిలినా, గరిట తడిగా ఉన్నా, ఒక్క చుక్క చాలు చాక్లెట్ పాడైపోవడానికి. అంటుకోవడం, చారలు రావడం వేరే సంగతి. అసలు చాక్లెట్‌లో ఉండే కోకో బటర్ 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కరిగించాక దాన్ని పద్ధతిగా చల్లార్చి టెంపర్ చెయ్యకపోతే సరిగ్గా బిగుసుకోదు, మెరుపు రాదు. మన ఏప్రిల్‌లో, ఏసీ లేని వంటింట్లో ఆ పని పెట్టుకోకండి.

బేకరీ సామాన్ల షాపులో కాంపౌండ్ చాక్లెట్ అడగండి. అందులో కోకో బటర్ బదులు వెజిటబుల్ ఫ్యాట్ ఉంటుంది కాబట్టి టెంపరింగ్ అక్కర్లేదు, కరిగించి పోసెయ్యడమే. చిన్న గుడ్డు సగం డిప్పకి దాదాపు 10 గ్రాములు పడుతుంది, మీకు 80 డిప్పలు కావాలి, అంటే 800 గ్రాములు. విరిగేవి ఉంటాయి కాబట్టి కిలో తీసుకోండి. నేను ఈమధ్య కొన్న ధర చూస్తే కిలో కాంపౌండ్, రెండు మౌల్డులు, రంగు కాగితం అన్నీ కలిపి మీ 1000 లోపే అవ్వాలి. ఒక్కో మౌల్డ్‌కి 8 గుంటలుంటే అయిదు వాయిల్లో పని అయిపోతుంది.

మౌల్డ్‌ని పొడి దూదితో బాగా తుడవండి. చాక్లెట్ పోసి, అటూ ఇటూ వంచి, బోర్లించి ఎక్కువైంది కారనివ్వండి. ఫ్రిజ్‌లో పది నిమిషాలు ఉంచి, రెండో పూత వెయ్యండి, ముఖ్యంగా అంచులకి, ఎందుకంటే విరిగేది అక్కడే. అతకడానికి స్టీల్ ప్లేటు కొంచెం వేడిచేసి డిప్పల అంచులు ఒక్క క్షణం ఆనించి నొక్కితే సరి. రాత్రి తొమ్మిది దాటాక మొదలుపెట్టండి, పగలు వద్దు.

ఏలూరు కోకో రైతుబిడ్డ:
పైన చెప్పిన పద్ధతి మంచిదే కానీ నాకో బాధ ఉంది. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన ఆంధ్రాలోనే, మా నాన్న కొబ్బరితోటలో అంతరపంటగా వేశారు. మన పిల్లలకి మాత్రం అసలు కోకో బటర్ రుచి తెలియకుండా పోతోంది. 40 గుడ్లూ కాంపౌండ్‌తోనే చెయ్యండి, కాదనను, కానీ ఒక్క చిన్న డార్క్ చాక్లెట్ బార్ కొని ముక్కలు చేసి తలా ఒకటి నోట్లో పెట్టండి, మన కోకో కాయ ఫోటో కూడా చూపించండి. చేదుగా ఉందంటారేమో, అననివ్వండి.

లీడ్స్ నుంచి:
ఇంగ్లండ్‌లో ఫ్రై కంపెనీ 1873లోనే చాక్లెట్ గుడ్డు చేసింది, ఏప్రిల్‌లో కూడా చలిగా ఉండే దేశంలో పుట్టిన వస్తువు కదా అది. నేనిక్కడ అసలు చాక్లెట్‌తోనే చేస్తాను. డార్క్‌ని 45 డిగ్రీలకి కరిగించి, 27కి చల్లార్చి, మళ్ళీ 31కి తెస్తాను, థర్మామీటర్ లేకుండా నాకు ఎప్పుడూ కుదరలేదు. అందుకే మీకు కాంపౌండే అంటాను. ఇంకోమాట, లోపల పల్లీలు పెట్టాలనుకుంటే ఎవరికైనా పడవేమో తల్లిదండ్రుల్ని ముందే అడగండి.

గుంటూరు టీచర్:
అందరికీ ఎంతో థ్యాంక్స్. లోపల ఏమీ పెట్టను, ఖాళీగానే ఉంచుతాను. పిల్లలు విరిచి చూసినప్పుడు యేసు తిరిగి లేచాక మిగిలిన ఖాళీ సమాధి గురించి చెప్పొచ్చు, ఇది రాస్తుంటేనే తట్టింది. డార్క్ బార్ కూడా తప్పకుండా తెస్తాను అన్నా. ఒక్క సందేహం, ఇంటినుంచి చర్చికి ఆటోలో అరగంట, కరిగిపోవా?

బెజవాడ హోమ్ బేకర్:
పదకొండింటి ఆరాధన దాకా ఆగితే మెత్తబడతాయి, కాంపౌండ్ కూడా మరీ అంత ఎండ తట్టుకోదు. మీకూ తెల్లవారుజామున సమాధుల తోటలో కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థన ఉంటుంది కదా, అది అవ్వగానే పంచెయ్యండి. ఫ్రిజ్‌లో గాలి చొరబడని డబ్బాలో పెట్టి, అదే డబ్బా ఆటోలో తీసుకెళ్ళండి, మధ్యలో మూత తియ్యకండి. చల్లటి గుడ్డుకి బయటి గాలి తగిలితే చెమట పట్టి మెరుపంతా పోతుంది. అక్కడికెళ్ళాక ఇరవై నిమిషాలు ఆగి తెరవండి.