మాల్డన్ యుద్ధంలో బిర్ట్‌నాథ్ శత్రువుకు దారి ఎందుకిచ్చాడు?

మధ్యయుగ ఇంగ్లండు చరిత్ర చదివినవారు దయచేసి నా సందేహం తీర్చగలరు. 991లో ఇప్స్‌విచ్ పట్టణాన్ని దోచుకున్న వైకింగులు (ఓడల్లో వచ్చి దాడిచేసే స్కాండినేవియా యోధులు) ఎసెక్స్‌లోని మాల్డన్ దగ్గర, నార్తీ అని చాలామంది పండితులు భావించే ద్వీపంలో దిగినప్పుడు, నీటిపోటు తీసినప్పుడు మాత్రమే బయటపడే ఇరుకు బాట తప్ప వారికి ఒడ్డు చేరే మార్గం లేదు. ఆ బాటను వుల్ఫ్‌స్టాన్, మరో ఇద్దరు యోధులు నిలువరించారని యుద్ధాన్ని వర్ణించే పాత ఇంగ్లీషు కావ్యం చెబుతుంది. అయినా శత్రువులు అడగగానే ఎసెక్స్ పాలకుడు బిర్ట్‌నాథ్ వారిని దాటనిచ్చాడు, ఆ పోరులోనే నేలకొరిగాడు. అదే ఏడాది ఇంగ్లీషువారు 10,000 పౌన్ల వెండి చెల్లించుకోవలసి వచ్చింది.

కావ్యం దీనికి అతని అహంకారమే కారణమంటుంది. నాకు మాత్రం ఆ తీర్పు అన్యాయంగా తోస్తుంది: దారి ఇవ్వకపోతే ఆ ఓడలు రక్షణలేని మరో తీరం మీద పడేవి కదా, చేతికందిన శత్రువును అక్కడే తేల్చుకోవాలని అతను అనుకుని ఉండవచ్చు. పైగా ఆ కావ్యం మొదలూ చివరా లేకుండా మిగిలింది, మూలప్రతి 1731 అగ్నిప్రమాదంలో కాలిపోయింది.

నా ఊహను బలపరిచే లేదా ఖండించే ఆధారాలు ఆంగ్లో-సాక్సన్ వృత్తాంతాల్లోనో, పురావస్తు పరిశోధనల్లోనో ఉన్నాయా? అప్పటి సముద్రమట్టానికి ఆ బాట ఎంత వెడల్పుండేదో తెలిసినవారు కూడా వివరిస్తే కృతజ్ఞుణ్ణి.