సముద్రగర్భ పురావస్తు శాస్త్రంలో స్థిరపడాలంటే ముందు డైవింగా, చదువా?

ప్రశ్న:
పెద్దలకు నమస్కారం. మాది భీమునిపట్నం దగ్గరి మత్స్యకార కుటుంబం. నేను బి.ఏ. చరిత్ర చివరి సంవత్సరం చదువుతున్నాను. సముద్రంలో మునిగిపోయిన పాత ఓడలను, రేవులను పరిశోధించే పనిలోకి వెళ్లాలన్నది నా కోరిక. ముందు డైవింగ్ కోర్సులో చేరమని మిత్రుడు, ఎం.ఏ. పూర్తి చేయమని మా అధ్యాపకుడు చెబుతున్నారు. ఎవరి మాట వినాలి?

మొదటి జవాబు:
మీ అధ్యాపకుడి మాట వినండి. 1960లో టర్కీ దక్షిణ తీరాన, గెలిడోన్యా అంతరీపం దగ్గర సుమారు 3,200 ఏళ్ల నాటి ఓడ శిథిలాన్ని తవ్విన జార్జ్ బాస్ అప్పటికి పురావస్తు విద్యార్థి. ఆ పని కోసమే ఆయన డైవింగ్ నేర్చుకున్నారు. ఏ వస్తువు ఎక్కడ, దేని పక్కన, ఏ లోతులో ఉందో నేల మీద తవ్వకంలో ఎలా నమోదు చేస్తామో, నీటి అడుగునా అలాగే నమోదు చేయాలని చేసి చూపించారు. ఆ క్రమశిక్షణ నేల మీది తవ్వకాల్లోనే అలవడుతుంది.

కాబట్టి ముందు పురావస్తు శాస్త్రంలో ఎం.ఏ. చేయండి. తరువాత గ్రేటర్ నోయిడాలో భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ నడిపే రెండేళ్ల పీజీ డిప్లొమాకు ప్రవేశ పరీక్ష రాయవచ్చు. తంజావూరులోని తమిళ విశ్వవిద్యాలయంలో సముద్రగర్భ పురావస్తు శాస్త్రానికి ప్రత్యేక విభాగమే ఉంది. ద్వారక దగ్గర 1980లలో సముద్రగర్భ అన్వేషణ జరిపినది గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ. పురావస్తు సర్వేక్షణ సంస్థలో ఇందుకోసం 2001లో ప్రత్యేక విభాగం ఏర్పడింది. ఉద్యోగాలు మాత్రం చాలా తక్కువ. ఇది తెలిసే అడుగు వేయండి.

డైవింగ్ ఎం.ఏ. చదువుతూ నేర్చుకోవచ్చు. ప్రాథమిక ఓపెన్ వాటర్ కోర్సు 18 మీటర్ల లోతు వరకే అర్హత ఇస్తుంది. డబ్బు కట్టే ముందు చెవులు, ఊపిరితిత్తులు వైద్యుడికి చూపించుకోండి.

రెండవ జవాబు:
పై సలహాకు ఒక్క మాట చేరుస్తాను. ఈ రంగంలో అందరూ నీటిలోకి దిగనక్కరలేదు. సముద్రపు అడుగును ధ్వని తరంగాలతో చూసే సోనార్‌తో, పూడిన ఇనుమును అయస్కాంత క్షేత్రంలో మార్పును పసిగట్టే మాగ్నెటోమీటరుతో వెతికేవారు భూభౌతిక శాస్త్రం చదివినవారు. పైకి తీసిన వస్తువును కాపాడేవారు రసాయన శాస్త్రం తెలిసినవారు. 1628లో మునిగిన స్వీడన్ యుద్ధనౌక వాసాను 1961లో పైకి తీశాక, చెక్క ఎండి పగిలిపోకుండా చెక్కలోని నీటి స్థానంలో నిండే పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే మైనం లాంటి రసాయనాన్ని 17 ఏళ్లపాటు చల్లవలసి వచ్చింది. ఓడను పైకి తేవడం కన్నా దాన్ని నిలబెట్టడమే పెద్ద పని అన్నది నా నమ్మకం.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మా నాన్నగారి వలలో అప్పుడప్పుడు గవ్వలు అంటుకున్న కుండ పెంకులు వస్తాయి. ఇంటికి తెచ్చి ఎండబెడుతున్నాం. అది తప్పా?

రెండవ జవాబు ఇచ్చినవారు:
తెలియక చేసినదే, కానీ ఇకమీదట ఎండబెట్టకండి. పెంకులోకి ఇంకిన ఉప్పు ఎండగానే స్ఫటికాలుగా మారి దాన్ని లోపలి నుంచి పగలగొడుతుంది. గవ్వలు గీకకుండా సముద్రపు నీటి బకెట్‌లోనే ఉంచి, వల తీసిన చోటు జీపీఎస్ అంకెలు, లోతు, తేదీ రాసిపెట్టి పురావస్తు శాఖకు తెలియజేయండి. వస్తువు కనబడిందని మళ్లీ అక్కడికి వెళ్లి వెతికి తీయవద్దు. చోటు చెదిరితే సాక్ష్యం పోయినట్టే.

మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయశాసనం, తుపానుకు దెబ్బతిన్న ఓడల సరుకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారని, తాను నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని ప్రకటించింది. మన తీరాన ఓడలు మునిగిన సంగతికి అంతటి పాత ఆధారం ఉంది. అవి ఎక్కడ మునిగాయో వెతకడానికి, వలలు తరచుగా తగులుకుని చిరిగే చోట్లు మంచి ఆనవాళ్లు. మీ నాన్నగారికి, ఆయన తోటివారికి అలాంటి చోట్లు తెలిసే ఉంటాయి, ఎం.ఏ. మొదలయ్యేలోగా వాటిని ఒక పుస్తకంలో నమోదు చేయండి.