లారెంట్ బ్లాంక్: ఇన్ని టైటిళ్లున్నా మంచి కోచ్ అని ఎందుకు అనరు?

నీలిజెర్సీ
ఫ్రాన్స్ మాజీ డిఫెండర్ బ్లాంక్ కోచ్‌గా 2009లో బోర్డోతో ఫ్రెంచ్ లీగ్ కొట్టాడు, అదీ వరసగా ఏడేళ్లు గెలిచిన లియాన్‌ను ఆపి. 2013 నుంచి 2016 దాకా పారిస్ క్లబ్ పీఎస్‌జీలో ఉన్న మూడేళ్లూ మూడు లీగులు. 2025లో సౌదీలో అల్ ఇత్తిహాద్‌తో లీగ్, కింగ్స్ కప్ రెండూ. అయినా పెద్ద కోచ్‌ల పేర్లు చెప్పేటప్పుడు ఈయన ఎవరికీ గుర్తురాడేం? కోచింగ్ ఫాలో అయినవాళ్లు చెప్పండి.

లెన్స్98
కోచింగ్ గొడవ నాకెందుకు గానీ, 98 వరల్డ్‌కప్‌లో పరాగ్వేతో ఫ్రాన్స్ మ్యాచ్ చూశారా ఎవరైనా? జిదాన్ సస్పెన్షన్‌లో ఉన్నాడు, అవతల గోల్‌లో చిలావర్ట్, ఇక పెనాల్టీలే, మన పని అయిపోయింది అనుకుంటుంటే ట్రెజెగె తలతో దించిన బంతిని ఈ డిఫెండర్ ఎక్కణ్నుంచో వచ్చి లోపలికి కొట్టాడు. వరల్డ్‌కప్‌లో మొట్టమొదటి గోల్డెన్ గోల్ అది, అంటే ఎక్స్‌ట్రా టైంలో పడగానే మ్యాచ్ ముగిసిపోయే గోల్. లక్ అనేవాళ్లకు ఒకటే మాట, మోంపెలియేలో ఆయన మొదలైందే అటాకింగ్ మిడ్‌ఫీల్డర్‌గా. అలాంటి మనిషిని సెమీస్‌లో ఆ క్రొయేషియా డిఫెండర్ బిలిచ్ నాటకమాడి, రెడ్ కార్డు ఇప్పించి ఫైనల్‌కు లేకుండా చేశాడు.

రిఫరీబాబాయ్
నాటకం సరే, చెయ్యి లేపిందెవరు? ఫ్రీకిక్ ముందు ఇద్దరూ పెనుగులాడుకుంటుంటే బ్లాంక్ మొహం మీద చెయ్యి పెట్టి నెట్టాడు. సెమీఫైనల్, 2-1తో లీడ్, ఇంకో పావుగంట ఆట. ఆ టైంలో అంత కోపం అవసరమా?

లెన్స్98
గడ్డానికి తగిలితే నుదురు పట్టుకుని పడిపోవడం ఏ రూల్ బుక్‌లో ఉంది బాబాయ్? ఇప్పుడైతే వీఏఆర్ (వీడియో రిఫరీ) చూసి పసుపు కార్డుతో వదిలేసేవాళ్లు.

రిఫరీబాబాయ్
వీఏఆర్ ఉన్నా మొహం మీద చెయ్యి మొహం మీద చెయ్యే. నేను జిల్లా మ్యాచ్‌లకు విజిల్ ఊదినవాణ్ని, నాకు చెప్పకు. ఆయన బదులు లెబఫ్ దిగాడు, బ్రెజిల్ మీద 3-0. ఫ్రాన్స్‌కు పోయిందేం లేదు.

లెన్స్98
పోయింది ఫ్రాన్స్‌కా, ఆయనకా? మాట మార్చకండి.

ఓల్డ్‌ట్రాఫర్డ్ రాజు
మీ 98 మీ దగ్గరే ఉంచుకోండి. మా మాంచెస్టర్ యునైటెడ్ బాధ 2001. స్టామ్ లాంటి డిఫెండర్‌ను లాజియోకు అమ్మేసి 35 ఏళ్ల ఈయన్ను తెచ్చారు. ఆ సీజన్‌లో మమ్మల్ని ఓడించిన బోల్టన్, లివర్‌పూల్, ఆర్సెనల్, న్యూకాజిల్, చెల్సీల ఇంగ్లిష్ మొదటి అక్షరాలు పేర్చి చూడండి, ఎవరి పేరు వస్తుందో. అప్పట్లో అందరూ ఆడుకున్నారు మాతో.

బార్తెజ్ గుండు
మరుసటి ఏడు ప్రీమియర్ లీగ్ గెలిచారుగా, ఆ మెడల్ సంగతి చెప్పవేం రాజూ? అసలు బలం మ్యాచ్ ముందు బ్లాంక్ ఈ గోల్‌కీపర్ గుండుకు పెట్టే ముద్దులో ఉండేది 😄

కోచ్ సుబ్బు
నేను డి లైసెన్స్ చేశాను కాబట్టి సబ్జెక్టుకొస్తా. 2016 ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్స్‌లో పీఎస్‌జీకి మాంచెస్టర్ సిటీ మీద మొదటి లెగ్ 2-2. రెండో లెగ్‌కు ముగ్గురు సెంటర్‌బ్యాక్‌లతో దిగాడు. సీజనంతా నలుగురితో ఆడించి, అతి పెద్ద మ్యాచ్‌కు కొత్త పద్ధతా? ఫస్ట్‌హాఫ్‌లోనే మోటా గాయంతో బయటికెళ్లాడు, చివర్లో సిటీ ఆటగాడు డీ బ్రూయ్నా గోల్, 1-0. ఉద్యోగం అక్కడే పోయింది. నా టీమ్‌లో పిల్లాడు కూడా అలా చెయ్యడు.

నీలిజెర్సీ
మటూయిడీ, డేవిడ్ లూయిజ్ సస్పెన్షన్, వెరాట్టికి గాయం. ఇంకెవర్ని దించాలి సార్, మిమ్మల్నా?

కోచ్ సుబ్బు
వెటకారం వద్దు. చెల్సీ, బార్సిలోనా, సిటీ, మూడేళ్లూ క్వార్టర్స్‌లోనే ఆగిపోయాడు. క్లబ్ ఓనర్లు ఖతార్ వాళ్లు డబ్బు పోసింది లీగ్ కప్పుల కోసం కాదు.

మర్సేయ్ ముఠా
పీఎస్‌జీ గోల మాకొద్దు. ఈయన మా మర్సేయ్‌కు ఆడిన 1999 యూఈఎఫ్ఏ కప్ ఫైనల్, పార్మాతో. ఈయన వెనక్కిచ్చిన బలహీనమైన హెడర్ క్రెస్పోకు దొరికింది, మొదటి గోల్. 3-0తో ఓడాం. దాని మీద ఒక్కరూ మాట్లాడరు.

సాయి75
అన్నా, 2010 వరల్డ్‌కప్‌లో ఆటగాళ్లు బస్సు దిగకుండా ప్రాక్టీస్ మానేసిన నైస్నా గొడవ తర్వాత ఫ్రాన్స్ టీమ్‌ను తీసుకున్నది ఈయనే కదా. నార్వే మ్యాచ్‌కు వరల్డ్‌కప్ ఆడిన 23 మందినీ పక్కన పెట్టాడు, ఆ మ్యాచ్ పోయింది, అయినా సరే. తర్వాత బెలారస్ చేతిలోనూ ఓడాడు గానీ, ఆపైన 23 మ్యాచ్‌లు ఓటమి లేదు. 2011లో అకాడమీల్లో రెండు దేశాల పౌరసత్వం ఉన్న పిల్లలకు కోటా పెట్టాలన్న మాటలు బయటికి రావడం మాత్రం నాకూ నచ్చలేదు, తర్వాత క్షమాపణ చెప్పాడనుకోండి.

నీలిజెర్సీ
హమ్మయ్య, ఒక్కరు కోచింగ్ గురించి మాట్లాడారు. మరి 2012 యూరోలో స్పెయిన్ మీద...

రిఫరీబాబాయ్
అది తర్వాత. లెన్స్98, ఆ ఫ్రీకిక్ వీడియో మళ్లీ పెట్టు, గడ్డమా మొహమా ఇవాళ తేల్చేద్దాం.