ట్రెబియా యుద్ధంలో వెయ్యి గుర్రాలను ఎలా దాచారు?

కార్తేజ్ సేనాని హన్నిబాల్ ఆల్ప్స్ దాటి ఇటలీలోకి వచ్చాక క్రీ.పూ. 218 డిసెంబరులో ట్రెబియా నది దగ్గర రోమన్లను చిత్తు చేసిన తీరు చదువుతున్నా. ఉత్తర ఆఫ్రికాలోని నుమిడియా రౌతులను పంపి రోమన్లను రెచ్చగొట్టాడు. రోమన్ సేనాని సెంప్రోనియస్ పొద్దున్నే తిండైనా పెట్టకుండా సైన్యాన్ని రొమ్ములోతు చన్నీళ్లలోకి దింపేశాడు. అవతల కార్తేజ్ వాళ్లేమో కడుపునిండా తిని, మంటల దగ్గర ఒంటికి నూనె పట్టించుకుంటున్నారు! ఇంతవరకూ అర్థమైంది.

నా సందేహమల్లా హన్నిబాల్ తమ్ముడు మాగో దళం గురించి. 1000 మంది కాల్బలం, 1000 మంది రౌతులు రాత్రికి రాత్రే వెళ్లి ముళ్లపొదల వాగులో నక్కారట. గట్లు ఎత్తుగా ఉన్నాయి కాబట్టి మనుషుల సంగతి సరే. గుర్రాలు సకిలించకుండా గంటల తరబడి ఎలా ఉన్నాయి? మూతులు కట్టేవారా? రోమన్లు అటువైపు వేగులను పంపి చూసుకోలేదా? పాతకాలపు అశ్వదళాల గురించి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. మ్యాపు కూడా ఉంటే మరీ మంచిది.