పాత మ్యాచ్‌బాక్స్ కారు: అరుదైన రంగా, వెలిసిన రంగా?

ప్రశ్న: 1960ల నాటి బొమ్మ కారు, బ్రిటిష్ కంపెనీ లెస్నీ చేసిన మ్యాచ్‌బాక్స్, 1 నుంచి 75 దాకా నంబర్లున్న 1-75 సిరీస్‌లోది. మామూలుగా ఎరుపులో దొరికేది, ఇది నారింజ ఛాయలో ఉంది. అమ్మేవారు అరుదైన రంగు అంటున్నారు. విప్పకుండా తేల్చుకునే దారి ఉందా?

జవాబు 1: బండిని తిరగేయండి. చక్రాల పైన బాడీ లోపలి వైపు, బేస్ (అడుగు పలక) అంచు పక్కన, వెలుతురు తగలని చోట చూడండి. అక్కడ ముదురు ఎరుపు, టాప్ మీద నారింజ అయితే ఎండకు వెలిసిందే. పగటి వెలుతురులోనే చూడండి. పసుపు బల్బు కింద ఎరుపుకూ నారింజకూ తేడా సరిగా తెలియదు.

జవాబు 2: అంతకన్నా ముందు రివెట్లు చూడండి, అంటే బాడీనీ బేస్‌నూ కలిపి పట్టే లోహపు బిగింపులు. ఫ్యాక్టరీలో బాడీకి రంగు వేశాకే బేస్ బిగించి రివెట్ తల నొక్కేవారు. కాబట్టి తల మీద ఉత్త లోహం కనిపించాలి. అక్కడ రంగు అంటి ఉంటే మళ్లీ వేసినట్టే. డ్రిల్ గుంట, జిగురు మరక ఉంటే ఎవరో విప్పారు, ఇక ఆ బాడీ, ఆ బేస్ ఒకే బండివో కావో. అసిటోన్ మాత్రం రాయకండి, అసలు పెయింటూ లేచిపోతుంది.

జవాబు 3: లోపలా బయటా ఒకే ఛాయ ఉన్నా తొందరపడొద్దు. రసాయనాలతో రంగు మార్చినవీ తిరుగుతుంటాయి. డోర్ గీతల్లో మచ్చలు, మసకబారిన ప్లాస్టిక్ అద్దాలు కనిపిస్తే వదిలేయండి. తయారీ విడతకో రవ్వంత ఛాయ తేడా మామూలే, దానికి ఎక్కువ ధర దండగ. 1969లో సూపర్‌ఫాస్ట్ అనే వేగంగా దొర్లే చక్రాలు వచ్చాక కొన్ని మోడళ్ల రంగులు నిజంగానే మారాయి. కాబట్టి చక్రాలకూ రంగుకూ పొత్తు కుదిరిందో లేదో చూడండి.