అప్‌డేట్: పార్సిల్ దొంగతనాల పోలీసు రికార్డులు చేతికొచ్చాయి

అమ్మ పంపిన ఆవకాయ పార్సిల్ గుమ్మం ముందు నుంచే పోయిందని, మా చుట్టుపక్కల ఇలాంటివి ఎన్ని జరిగాయో పోలీసులను అడగొచ్చా అని పోయిన నెల అడిగాను. అడగొచ్చండి. మేముండే టెక్సస్‌లో పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్ ఉంది, అంటే ప్రభుత్వ రికార్డులు ఎవరైనా అడిగి తీసుకునే చట్టం. ఎందుకు అడుగుతున్నామో చెప్పనక్కర్లేదు.

మొదట “పార్సిల్ దొంగతనాల రికార్డులన్నీ” అని రాశాను. ఏ వీధులు, ఏ తేదీలు అని తిరిగి అడిగారు. అసలు చిక్కు ఇంకోటి, ఏ నేరం పేరుతో అడగాలన్నది. 2019 నుంచి ఇక్కడ మెయిల్ దొంగతనం (పార్సిళ్లూ ఇందులోకే వస్తాయి) విడిగా నేరమే అయినా, కొన్ని కేసులు మామూలు దొంగతనం కింద నమోదవుతాయి. అందుకే రెండూ కావాలని, మూడు వీధుల పేర్లతో మళ్లీ రాశాను. దర్యాప్తులో ఉన్న కేసుల వివరాలు ఆపొచ్చు గానీ, ప్రాథమిక సమాచారం ఇవ్వాల్సిందే.

రెండు పేజీల పట్టిక వచ్చింది. చాలావరకు మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల మధ్యే. కింద నుంచి మూడో వరుస నాదే. అది చూడగానే గుండె ఝల్లుమంది. అంతకంటే బాధ, పక్కింటి పెద్దావిడ పార్సిల్ రెండుసార్లు పోయినా ఫిర్యాదే చేయలేదు, కాబట్టి ఆ కాగితంలో లేదు. దయచేసి చిన్నదైనా ఫిర్యాదు చేయండి. ఆ పట్టిక చూపించాకే మా అపార్ట్‌మెంట్ ఆఫీసువాళ్లు పార్సిళ్లు లోపల పెట్టడానికి ఒప్పుకున్నారు.