సైన్స్ ఫిక్షన్‌లో శత్రువు ఎప్పుడూ పురుగేనా?

రాత్రిచుక్క: హైన్‌లైన్ రాసిన నవల ‘స్టార్‌షిప్ ట్రూపర్స్’ (1959) నిన్నే పూర్తిచేశాను. చదివిస్తుంది, కాదనను. కానీ శత్రువు సాలెపురుగు లాంటి జీవి కావడంతో కుప్పలుగా చచ్చినా మనకు చీమ కుట్టినట్టయినా ఉండదు. ఇది యుద్ధాన్ని నెత్తిన పెట్టుకోవడం కాదా?

పాతపేజీ: మొదటి అధ్యాయం మళ్లీ చూడండి. అక్కడ దాడి పురుగుల మీద కాదు, మనుషుల్లాంటి స్కిన్నీల ఊరి మీద. కథ చెప్పే సైనికుడు రీకో, జనం ఉన్న హాల్లోకి విసిరే బాంబు వాళ్ల భాషలోనే ‘ముప్పై సెకన్ల బాంబుని’ అని అరుస్తూ లెక్కపెడుతుంది. రచయిత దాచిందేముంది?

రాత్రిచుక్క: దాచలేదు, సరే. కానీ రీకో వెనక్కి తిరిగి చూడడు కదా, నా బాధ అదే.

శూన్యం: ఇద్దరూ హాల్డెమన్ నవల ‘ఫరెవర్ వార్’ (1974) చదవండి. ఆయన వియత్నాం యుద్ధంలో గాయపడి వచ్చినవాడు. అందులో శత్రువులైన టారన్లనే గ్రహాంతరవాసులు పురుగులుగా పుట్టరు, పురుగులని సైనికుల్ని నమ్మిస్తారు. మొదటి దాడికి ముందే సైనికుల బుర్రల్లో హిప్నాసిస్‌తో టారన్ల అకృత్యాలంటూ దొంగ జ్ఞాపకాలు ఎక్కించి పెడతారు, ఒక్క మాటతో అవి మేలుకుంటాయి, ఇక ఎదురు తిరగడం కూడా సరిగ్గా రాని ఆ జీవుల్ని వీళ్లు నరికి పోగులు పెడతారు. మత్తు దిగాక కథానాయకుడికి తన మీద తనకే రోత. వెయ్యేళ్లు దాటి సాగిన ఆ యుద్ధం అసలు మొదలైందే అపార్థంతో అని చివర్లో తెలుస్తుంది. హైన్‌లైన్ నేవీలో పనిచేశాడు గానీ క్షయ వల్ల 1934లోనే బయటికొచ్చాడు, పోరాటం చూడలేదు. తేడా అక్కడే ఉంది.

పాతపేజీ: యుద్ధం చూసినవాడే రాయాలంటే రచయిత హెచ్.జి. వెల్స్‌ని ఏం చేద్దాం? ఆయనా తుపాకీ పట్టుకుని ఎక్కడా పోరాడలేదు. అయినా ‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’ (1898) మొదటి అధ్యాయంలోనే, భూమ్మీద దాడి చేసే మార్షియన్లను (అంగారకవాసులను) తిట్టే ముందు టాస్మేనియా జనాన్ని యూరప్ వాళ్లు ఏం చేశారో గుర్తు చేసుకోమంటాడు. అక్కడ పురుగులం మనమే.

శూన్యం: అనుభవం గురించి నేనన్నది కొంచెం ఎక్కువైంది, వెనక్కి తీసుకుంటున్నా. హిప్నాసిస్ సంగతి మాత్రం వదలను.

రాత్రిచుక్క: ఆ ‘ఒక్క మాట’ ఏంటో చెప్పకండి, రేపు లైబ్రరీకి వెళ్తున్నా.